పాత తెరచాప పడవ డెక్ కారుతోందా? సీలెంట్ సంగతి తర్వాత, ముందు బోల్టు విప్పండి

మీరు అడిగింది ఇదీ. అమెరికాలో చెసాపీక్ బే ఒడ్డునున్న అనాపొలిస్ దగ్గర, 1983లో కట్టిన 30 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ కొన్నారు. వాన పడితే ఎడమవైపు బంకు మీద, అంటే పడుకునే బల్ల మీద, సరిగ్గా తలగడ పెట్టుకునేచోట బొట్టు బొట్టుగా కారుతోంది. పైన రెయిలింగు కడ్డీల అడుగున, అంటే స్టాంచన్ల మొదళ్ల చుట్టూ రెండు ట్యూబుల సిలికాన్ పూశారు. ఒక నెల ఆగింది, మళ్లీ మొదలైంది. ఇంతకంటే గట్టి సీలెంట్, అంటే నీరు దిగకుండా సందు మూసే పూత, ఏదైనా ఉందా అంటున్నారు.

ఉన్నాయి, చాలానే ఉన్నాయి. కానీ ప్రపంచంలోకెల్లా మంచి సీలెంట్ తెచ్చి అలాగే చుట్టూ పూసినా ఇంకో రెండు నెలలు ఆగుతుందేమో, అంతే. పైగా ఆ ఆగిన రెండు నెలల్లో మీకు తెలియకుండా ఎక్కువ నష్టం జరుగుతుంది. ఎందుకో ముందు చెబుతాను. అది మనసుకు పట్టితే మిగతా పనంతా మీరే చేసుకోగలరు.

మీరు నడిచే ఆ డెక్ ఒకే పలక కాదు. పైన ఒక ఫైబర్‌గ్లాస్ పొర, కింద ఇంకో పొర, మధ్యలో అర అంగుళం మందాన చెక్క. ఎక్కువ పడవల్లో అది బాల్సా, కొన్నిట్లో ప్లైవుడ్. ఈ చెక్క వల్లే డెక్ తేలిగ్గానూ బిగువుగానూ ఉంటుంది. పడవ కట్టినప్పుడు దీంట్లోంచి నేరుగా రంధ్రం వేసి, కాస్త సీలెంట్ పెట్టి, బోల్టు దింపి బిగించేశారు. ఆ కాలంలో చాలా పడవలు అలాగే కట్టారు. నలభై ఏళ్లకు ఆ సీలెంట్ ఎండి బెరడులా అయిపోతుంది. ఇక స్టాంచన్ సంగతి చూడండి. రెండడుగుల కడ్డీ, దాని మొదలు మూడంగుళాల వెడల్పు. రేవులో ఎవరో పైచివర పట్టుకుని పడవలోకి ఎక్కుతారు. పైన పడిన బలం కింద బోల్టుల దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది రెట్లవుతుంది, గునపంతో రాయి లేపినట్టే. మొదలు వెంట్రుకవాసి కదులుతుంది. ఆ వెంట్రుకవాసి చాలు నీటికి.

లోపలికి దిగిన నీరు నేరుగా మీ తలగడ మీద పడదు. ముందు ఆ చెక్కను తడుపుతుంది. బాల్సాను చిన్న చిన్న ముక్కలుగా, పోగులు నిలువుగా ఉండేలా పేరుస్తారు కాబట్టి ఒక ముక్కలోంచి పక్క ముక్కలోకి తడి నెమ్మదిగానే పాకుతుంది. కానీ ఆ ముక్కల మధ్య సన్నటి సందులుంటాయి, అవే కాలవలు. ప్లైవుడ్ అయితే పోగులు అడ్డంగా ఉంటాయి కనుక తడి ఇంకా దూరం పోతుంది. మనవైపు చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి తొమ్మిది శాతం ఉబ్బి, పై పొరను చెక్క నుంచి కొంచెం కొంచెంగా ఊడదీస్తుంది. మళ్లీ కరుగుతుంది, ఇంకాస్త నీరు చేరుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. తలగడ తడిసిందంటే చెక్క తాగాల్సింది తాగేసి, ఇక పట్టక వదిలిందని అర్థం. మీరు పైనుంచి పూసిన సిలికాన్ ఒకచోట నీటి దారి మూసి ఉండొచ్చు. కానీ అప్పటికే లోపల ఉన్న తడి ఆరే దారి కూడా మూసేసింది.

అందుకే నా మాట ఒక్కటే. డెక్ కారడాన్ని ఆపడం అసలు పని కాదు. రేపు సీలెంట్ మళ్లీ పాడైనా, నీరు ఆ చెక్కను తాకలేని విధంగా రంధ్రాన్ని తయారు చేయడం అసలు పని. సీలెంట్ ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు పోయేదే.

ఇక ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవడం. పెంకుటింట్లో పెరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పెంకు పగిలింది ఒకచోట, నీళ్లు వాసం వెంట జారి చుక్క పడేది ఇంకోచోట. పడవలోనూ అంతే. లోపలి కప్పుకు, డెక్‌కు మధ్య ఖాళీ ఉంటుంది. నీరు వైర్ల వెంటా, స్క్రూల వెంటా పాకి, పడవ ఏ వైపు కాస్త వాలి ఉంటే ఆ వైపు చేరి పడుతుంది. నా మొదటి పడవలో కిటికీ కింద తడి కనిపిస్తే ఒక వేసవంతా ఆ కిటికీనే మూడుసార్లు విప్పి బిగించాను. అసలు నీరు వస్తోంది ఆరడుగుల ముందున్న చైన్‌ప్లేట్ దగ్గర, అంటే తెరచాప కొయ్యను పక్కలకు లాగిపట్టే తీగలు డెక్‌లోకి దిగే ఇనుప పట్టీ దగ్గర. ఆ వేసవంతా ఆ పట్టీ చుట్టూ చెక్క నానుతూనే ఉంది.

కాబట్టి ఊహించకండి, పరీక్ష చేయండి. లోపలి కప్పు పలకలు ఎన్ని విప్పగలిగితే అన్నీ విప్పి, ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి. పైన ఒకరు నీళ్ల గొట్టం పట్టుకుని డెక్ దిగువ అంచు నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. పైనుంచి మొదలుపెడితే నీరు అన్నిటి మీదుగా పారి ఏది కారుతోందో తెలియదు. గొట్టం ధార గట్టిగా కొట్టకండి, వాన పడ్డట్టు పారనివ్వండి. ఒక్కోచోట పదిహేను నిమిషాలైనా ఓపిక పట్టాలి. నానిన చెక్క గుండా నీరు రావడానికి సమయం పడుతుంది.

ఇంకో పద్ధతి నాకు ఎక్కువ నచ్చింది. ఆకులు ఊదే బ్లోయర్‌ను ఒక హ్యాచ్‌లో, అంటే డెక్‌లోని మూత తలుపులో, అట్టముక్కతో అమర్చి, మిగతా హ్యాచ్‌లూ గాలి రంధ్రాలూ టేపుతో మూసి, పడవ లోపలికి గాలి కొట్టండి. పైన డెక్ మీద గిన్నెలు తోమే సబ్బునీళ్లు చల్లుకుంటూ వెళ్తే, గాలి బయటికి వచ్చేచోట బుడగలు లేస్తాయి. నీరు ఎక్కడ పడుతోందో కాదు, ఎక్కడ దిగుతోందో ఇది చూపిస్తుంది. గాలి కొద్దిగా చాలు. గట్టిగా కొడితే పాత కిటికీలు ఊడి వస్తాయి.

అదే రోజు డెక్ అంతా తట్టి చూడండి. ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవరు తిప్పి పట్టుకుని, ఆ పిడితో ప్రతి రెండంగుళాలకూ ఒక దెబ్బ. బజారులో కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టే. బాగున్నచోట టక్కుమని స్పష్టంగా మోగుతుంది. పొర ఊడినచోట, చెక్క కుళ్లినచోట మొద్దుగా, చచ్చిన మోత వస్తుంది. మోత మారిన చోటల్లా మాస్కింగ్ టేపు అంటించండి. ఒక్కో బోల్టు చుట్టూ అరచేయంత మేర మాత్రమే ఉంటే మీ అదృష్టం బాగుంది, నేను కింద చెప్పబోయే పద్ధతి సరిపోతుంది. అడుగున్నర మేర పాకి ఉంటే పై పొర కోసి తీసి, చెక్క మార్చి, మళ్లీ ఫైబర్‌గ్లాస్ వేయాలి. అది వేరే పని. చిన్న చిన్న రంధ్రాలు పొడిచి ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు, ఎక్కిస్తే సరిపోతుందని మీకు ఎవరైనా చెప్పొచ్చు. తడిచెక్క ఎపాక్సీని పీల్చుకోదు. డబ్బు పోతుంది, తడి లోపలే బిగుసుకుపోతుంది.

ఇప్పుడు విప్పడం. కింద నట్టు పట్టుకుని పైన బోల్టు కదలకుండా ఉంచడం ఒక్కరి వల్ల కాదు. మా ఇంట్లో నేను పైన, మా ఆవిడ కింద లాకరులో తల దూర్చి స్పానర్ పట్టుకుని. "నట్టు కాదండీ, బోల్టే తిరుగుతోంది" అని ఆవిడ కేకేస్తే నేను పైన ఆపేవాణ్ని. పాత యజమాని త్రీఎం 5200 వాడి ఉంటే మొదలు కదలదు. అది సీలెంట్ కంటే జిగురు అనుకోవడం మంచిది. గునపం పెట్టి ఎత్తారంటే జెల్‌కోట్, అంటే ఫైబర్‌గ్లాస్ మీది నున్నటి రంగుపూత, పెచ్చుతో సహా లేచి వస్తుంది, నాకు అరచేయంత వచ్చింది. సన్నటి పుట్టీ కత్తి గానీ, గిటారు తీగ గానీ పెట్టి రంపంలా అటూ ఇటూ లాగుతూ కోయండి. హీట్‌గన్‌తో కాస్త వెచ్చబెడితే మెత్తబడుతుంది, జెల్‌కోట్ రంగు మారేంత వద్దు.

మొదలు లేచాక రంధ్రంలోకి చిన్న స్క్రూడ్రైవరు పెట్టి గీకండి. లేత గోధుమరంగు పొట్టు పొడిగా వస్తే చెక్క బాగున్నట్టు. నేను మొదటిసారి గీకినప్పుడు నానబెట్టి పిండేసిన చింతపండు పిప్పిలాంటిది వచ్చింది. నల్లగా, మెత్తగా, మూసిపెట్టిన తడిగోనె వాసనతో. వేళ్ల మధ్య నలిపితే నీళ్లు కారాయి. అది చూశాకే నాకు ఈ పని విలువ తెలిసింది. కాలివేళ్ల కింద గట్టిగా అనిపించే డెక్, బిగించి ఉన్న బోల్టు చుట్టూ అలా ఉంటుందని అంతవరకూ అనుకోలేదు.

పావు అంగుళం బోల్టు అయితే, పై పొరలోనూ చెక్కలోనూ రంధ్రాన్ని అర అంగుళానికి పెంచండి. కింది పొర జోలికి వెళ్లొద్దు. తర్వాత ఎల్ ఆకారపు అలెన్ కీని ఒకదాన్ని పొట్టి కాలు మిగిలేలా కోసి, డ్రిల్లుకు బిగించి, రంధ్రంలో దింపి నెమ్మదిగా తిప్పితే పొరల మధ్య చెక్క చుట్టూతా తెగి పొడిగా వస్తుంది. వాక్యూమ్‌తో లాగేయండి. మళ్లీ తిప్పండి. కుళ్లినదంతా పోయి, పొడి చెక్క తగిలేదాకా. తర్వాత ఆరబెట్టడం. ఇది తొందరపడకూడని చోటు. రంధ్రాలు తెరిచే ఉంచి, పైన వాన పడకుండా కవరు కట్టి, లోపల చిన్న హీటరూ తేమ లాగే యంత్రమూ పెట్టి వారాల తరబడి ఆరనివ్వండి. అసిటోన్ పోస్తే తడి ఆరిపోతుందన్న మాట నమ్మకండి. మూసిన చోట ఆ ఆవిరి ప్రమాదం కూడా.

ఆరాక కింది రంధ్రాన్ని లోపలివైపు నుంచి టేపుతో మూయండి. ఎపాక్సీ కలపండి. నేను వెస్ట్ సిస్టమ్ 105 రెసిన్ వాడతాను. చల్లగా ఉంటే 205 హార్డెనరు, ఎండగా ఉంటే నెమ్మదిగా గట్టిపడే 206. రెండింటికీ కొలత ఒకటే, రెసిన్ అయిదు వంతులకు హార్డెనరు ఒక వంతు. త్వరగా గట్టిపడాలని హార్డెనరు ఎక్కువ పోయడం పాలియెస్టర్ పుట్టీకి అలవాటైనవాళ్లు చేసే తప్పు. ఎపాక్సీలో అలా చేస్తే ఎప్పటికీ సరిగ్గా గట్టిపడదు. 205తో ఇరవై రెండు డిగ్రీల దగ్గర కప్పులో మీకుండేది పది నిమిషాలే. కాబట్టి కొంచెం కొంచెమే కలపండి. కప్పు నిండా కలిపి వదిలేస్తే అది తనకు తానే వేడెక్కి పొగలు కక్కుతుంది.

మొదట ఏమీ కలపని పల్చటి ఎపాక్సీని చిన్న బ్రష్షుతో రంధ్రం లోపలి చెక్క అంచుకు పట్టించండి, పీల్చుకోనివ్వండి. ఆ పచ్చి మీదే గట్టి ముద్ద దింపాలి. అదే ఎపాక్సీలో 404 ఫిల్లరు, అంటే చిక్కబరిచే పొడి, కలిపి, గారెలకు రుబ్బిన మినప్పిండిలా, గరిటె తిప్పితే జారకుండా నిలిచేంత గట్టిగా చేయండి. సూది లేని సిరంజితో అడుగు నుంచి నింపుకుంటూ పైకి రావాలి. పైనుంచి కూరితే గాలి బుడగ లోపలే చిక్కుతుంది. ఖాళీ పెద్దదైతే రెండు విడతల్లో నింపండి. మర్నాటికి కాస్త కుంగితే పైన మళ్లీ నింపండి. ఆ ముందు గట్టిపడిన ఎపాక్సీ మీద పేరుకునే జిడ్డుపొరను నీళ్లతో, పీచుతో రుద్ది కడగడం మరవొద్దు.

చేతి తొడుగులు లేకుండా ఈ పని చేయకండి. ఎపాక్సీ ఒంటికి పడకపోవడం ఒకసారి మొదలైతే ఆ తర్వాత చుక్క తగిలినా దద్దుర్లు వస్తాయి, జీవితాంతం. చర్మానికి అంటితే థిన్నరుతో కడగొద్దు, అది లోపలికి పంపుతుంది. వెంటనే తుడిచి, సబ్బుతో కడగండి.

పూర్తిగా గట్టిపడ్డాక ఆ ఎపాక్సీ దిమ్మ మధ్యలో బోల్టు సైజుకు కొత్త రంధ్రం వేయండి. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నది చెక్క కాదు. నీరు వచ్చినా కింద చుక్క పడి మీకు చెబుతుంది తప్ప, డెక్ లోపలికి పోదు. ఇంకొక్క పని మిగిలింది, చాలామంది వదిలేసేది ఇదే. రంధ్రం నోటి దగ్గర కౌంటర్‌సింక్ బిట్‌తో చిన్న పల్లం చేయండి, జొన్నగింజ పట్టేంత. సీలెంట్ ఆ పల్లంలో చేరి బోల్టు మెడచుట్టూ ఉంగరంలా కూర్చుంటుంది. పల్లం లేకపోతే బిగించినప్పుడు సీలెంట్ అంతా పక్కలకు పోయి, కావలసిన చోట కాగితమంత మిగులుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఏ సీలెంట్ అన్నది. నీటిమట్టానికి పైన, బోల్టుతో బిగించే ఇనుప సామానంతటికీ నేను బ్యూటైల్ టేపు వాడతాను. ఇది ఎండదు, ఏళ్ల తర్వాత కూడా సాగుతుంది, కావాలనుకున్నప్పుడు ఊడి వస్తుంది. పడవలకని అమ్మే మంచిరకం తీసుకోండి. ఇళ్ల కప్పులకు అమ్మే చవకరకాల్లో కొన్ని వేడికి కారిపోతాయి. మొదలు అడుగున పూర్తిగా ఒక పొర పరచి, బోల్టు తల కింద మెడచుట్టూ సన్నటి తాడులా చుట్టి శంకువులా నొక్కండి. బోల్టు దింపాక పైన స్క్రూడ్రైవరుతో దాన్ని కదలకుండా పట్టుకుని, కింద నట్టు మాత్రమే తిప్పాలి. బోల్టు తిరిగితే మెడచుట్టూ చుట్టినది తెగిపోతుంది. ఒకేసారి బిగించేయకండి. బ్యూటైల్ నెమ్మదిగా జరుగుతుంది. ఈరోజు కాస్త, రేపు ఎండలో పావు చుట్టు, ఎల్లుండి ఇంకో పావు. అంచుల్లోంచి నల్లగానో బూడిదరంగులోనో పిండి బయటికొచ్చినదాన్ని వెదురు పుల్లతో గీకేయండి. ఇక ఏమీ బయటికి రావడం లేదన్నప్పుడు పని అయినట్టు.

బ్యూటైల్ పనికిరాని చోట్లున్నాయి. డీజిల్ పోసే మూత దగ్గర వాడొద్దు, ఇంధనానికి కరిగిపోతుంది. అక్కడ పాలిసల్ఫైడ్ రకం సీలెంట్ వాడండి. అదే పాలిసల్ఫైడ్‌ను ప్లాస్టిక్ కిటికీలకు వాడొద్దు, ఏబీఎస్, పాలీకార్బొనేట్, యాక్రిలిక్‌లను పెళుసు చేస్తుంది. నీటిమట్టం కింద దేనికీ బ్యూటైల్ వద్దు. 5200 మళ్లీ జన్మలో విప్పక్కర్లేని అతుకులకు మాత్రమే. మీరిప్పటికే పూసిన సిలికాన్ మాత్రం ఆనవాలు లేకుండా తీసేయాలి. అది ఉన్నచోట ఇంకేదీ అంటదు, కంటికి కనపడని పలచటి పొర మిగిలినా సరే. ముందు కత్తితో గీకి, సిలికాన్ తీసే ద్రావణంతో తుడిచి, ఆ తర్వాతే ఇసుకకాగితం పట్టించండి. ముందే రుద్దితే అది ఇంకా లోపలికి పాముకుంటుంది.

కిందివైపు, అంటే నట్టు వైపు, సీలెంట్ వద్దు. నీరు వస్తే బయటికి కనిపించాలి. కింద చిన్న వాషరు తీసేసి, పావు అంగుళం మందం జీ-10 పలక, అంటే గట్టి ఫైబర్‌గ్లాస్ పలక, కోసి, మొదలు కంటే పెద్దదిగా పెట్టండి. బలం ఒక్క బోల్టు దగ్గర కాకుండా అంతటా పరుచుకుంటుంది. స్టాంచన్ కదలడం ఆగితే సగం కారడం అక్కడే ఆగుతుంది.

చైన్‌ప్లేట్ల గురించి మాత్రం వేరుగా, గట్టిగా చెప్పాలి. అవి కారుతున్నాయంటే తలగడ తడవడం చిన్న విషయం. స్టెయిన్‌లెస్ స్టీలుకు గాలి తగలాలి. గాలి లేనిచోట నిలిచిన తడిలో, అంటే సరిగ్గా డెక్ మందంలో దాక్కున్న ఆ అంగుళం ముక్కలో, పైకి మెరుస్తూనే లోపల సన్నటి బీటలుగా తినుకుపోతుంది. అది తెగితే కొయ్య కూలుతుంది. నలభై ఏళ్ల పడవలో వాటిని ఒక్కసారైనా బయటికి తీసి చూడకుండా నేను బేలో గాలికి వెళ్లను. కొయ్య దింపిన చలికాలంలో తీయడం మేలు. నిలబెట్టే తీయాలంటే ఒకసారికి ఒకటే తీయండి, అదీ ఆ వైపు గట్టి హాల్యార్డులతో, అంటే తెరచాపలు ఎత్తే తాళ్లతో, కొయ్యను కట్టిపెట్టాకే. బయటికి వచ్చాక గోధుమరంగు మరకలున్నచోట శుభ్రం చేసి, బీటల్లోకి ఇంకే రంగు స్ప్రే కిట్ కొట్టి చూడండి. ఎర్రగీత కనిపిస్తే ఆ పట్టీని మళ్లీ వాడొద్దు, మిగతావి బాగున్నట్టు కనిపించినా అన్నీ కలిపి మార్చండి.

అన్నీ ఒకేసారి విప్పుకుని కూర్చోవద్దు. ఈ శరదృతువులో పడవ ఒడ్డుకు తీసినప్పుడు ఎడమవైపు స్టాంచన్లు విప్పి, కుళ్లు గీకి, రంధ్రాలు తెరిచి, వాలుగా కవరు కట్టి ఆరబెట్టండి. ఎపాక్సీ పని వసంతంలో, రాత్రిళ్లు కూడా పది డిగ్రీలకు తగ్గనప్పుడు. కొత్తగా బిగించాక మొదటి పెద్ద వానకు ముందు ప్రతి నట్టు కింద ఒక టిష్యూ కాగితం ముక్క టేపుతో అంటించి, దాని మీద ఆ బోల్టు నంబరు పెన్సిలుతో రాసి పెట్టండి. ఉదయం వెళ్లి ఏ నంబరు తడిసిందో చూసి నాకు రాయండి.